చెరువు కట్ట సైకిల్ బాట మీదికి కార్లు రాకుండా ఇనుప పోస్టులు పాతడం ఎలా

నాది వెల్డింగ్ షాపు. ఇరవై ఆరేళ్లుగా గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తున్నాను. ఇంటి నుంచి షాపుకి సైకిల్ మీదే పోతాను. దారిలో ఓ కిలోమీటరున్నర మా చెరువు కట్ట మీదుగా వెళ్లాలి. హైదరాబాద్ శివార్లలో ఇలాంటి చెరువులు చాలానే ఉన్నాయి. కట్ట మీద మూడు మీటర్ల వెడల్పున సిమెంటు బాట వేశారు. పొద్దున నడిచేవాళ్లు, బడికి పోయే పిల్లల సైకిళ్లు, కూరగాయల తోపుడు బండి, అందరికీ అదే బాట. కొన్నాళ్లకి దాని మీదికి కార్లు రావడం మొదలైంది. ఇనుము పని చేస్తాను కదా, ఏదో ఒకటి అడ్డం పెట్టమని కాలనీవాళ్లు నా దగ్గరికే వచ్చారు.

మొదటిసారి నేను చేసింది తప్పు పని. ఇంకెవరూ చేయకూడదనే అది ముందుగా చెబుతున్నాను. బాటకి రెండు పక్కలా రెండు పైపులు పాతి, మధ్యలో గొలుసు కట్టాను. సైకిల్ పట్టేంత సందు ఒక పక్కన వదిలాను. మూడో రోజు తెల్లవారుజామున పేపర్ వేసే కుర్రాడు ఆ గొలుసుకి తగిలి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రిలో వాడు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "అన్నా, గొలుసు కనవడలే" అన్నాడు, అంతే. గొలుసుది బూడిద రంగు, సిమెంటుదీ బూడిద రంగు. తెల్లారకముందు వెలుతురు కూడా ఆ రంగులోనే ఉంటుంది. అదే రోజు గొలుసు కోసి షాపులో పడేశాను. తర్వాత ఏడు నెలలు పట్టింది, పని సరిగ్గా కుదరడానికి. ఆ ఏడు నెలల్లో నేర్చుకున్నదే ఇది.

ముందు వారం రోజులు కూర్చుని చూడండి

పైపు కొనకముందు ఒక నోటు పుస్తకం కొనండి. ఏ బండి, ఏ టైముకి, ఎటు నుంచి ఎటు, ఎందుకు వస్తోందో రాయండి. నేను వారం పాటు పొద్దునా సాయంత్రం కట్ట మీద కూర్చుని రాశాను. అంతవరకూ నేను అనుకున్నదేమిటంటే, అందరూ మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికే వస్తున్నారని. అలా వచ్చేవాళ్లు ఉన్నారు, కానీ బడి టైములో మాత్రమే. మిగతావాళ్లలో ఎక్కువమంది ఎవరో తెలుసా? వాకింగ్‌కి వచ్చేవాళ్లే. కారు తెచ్చి కట్ట మీదే వేపచెట్టు కింద పెట్టి, దిగి నడుస్తున్నారు. కింద కారు పెట్టుకోవడానికి చోటు లేదు, అందుకని. ఇంకా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు, రాత్రుళ్లు కార్లో కూర్చుని తాగేవాళ్లు, వారానికి రెండుసార్లు చేపల వ్యాను.

వాకింగ్ వాళ్ల సంగతి ఇనుముతో పని లేకుండానే తేలింది. కట్ట కింద గుడి ముందు ఖాళీ స్థలం ఉంది. గుడి కమిటీ పెద్దలతో మాట్లాడి, పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా అక్కడ కార్లు పెట్టుకోనిచ్చాం. సున్నంతో గీతలు గీశాం. పది రోజుల్లో కట్ట మీద పొద్దుటి కార్లు దాదాపు లేకుండా పోయాయి. అందుకే చెబుతున్నాను, బండి ఎందుకు వస్తోందో తెలియకుండా అడ్డం పెడితే పోస్టు పక్కన మట్టిలోంచైనా దారి చేసుకుని వస్తుంది.

రావాల్సిన బండ్లు ఏవో కూడా ఈ వారంలోనే తెలుస్తాయి. చేపల సొసైటీ పెద్దాయన నన్ను నిలదీశాడు: "చేపల డబ్బాలు నెత్తిన పెట్టుకొని పొమ్మంటవా బిడ్డా?" ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఆ చెరువు మాకంటే ముందు వాళ్లది. చేపల వ్యాను, తూము మరమ్మతుకి వచ్చే ట్రాక్టర్, వినాయక నిమజ్జనం రోజు వచ్చే క్రేను, అంబులెన్స్, ఇవన్నీ లోపలికి రాగలగాలి. బతుకమ్మ రోజు వందల మంది ఆడవాళ్లు తలల మీద బతుకమ్మలు పెట్టుకుని ఆ సందుల్లోంచే రావాలి. వీటన్నిటినీ రాసుకున్నాకే పోస్టు ఎలా ఉండాలో తేలుతుంది.

కాగితం పని

ఇది తొందరగా చెప్పేస్తాను, కానీ వదిలేయొద్దు. బాట ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా పోస్టు పాతకూడదు. ఎవరైనా దానికి తగిలి పడితే బాధ్యత పాతినవాడిదే అవుతుంది. గొలుసు విషయంలో నేను ఆ కాగితం తీసుకోలేదు. మా దగ్గర కట్ట నీటిపారుదల శాఖది, బాట మున్సిపాలిటీ వేసింది. ఇద్దరికీ దరఖాస్తు ఇచ్చాం, ట్రాఫిక్ పోలీసులకి కాపీ ఇచ్చాం. దరఖాస్తుతో పాటు స్కెచ్, నోటు పుస్తకంలో రాసిన లెక్క జతచేస్తే పని త్వరగా కదులుతుంది. ఫలానా దారిలో ఫలానా బండ్లు తిరగకూడదని ఆంక్ష పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. బోర్డులు పెట్టడం గురించి 116వ సెక్షన్ చెబుతుంది. సైకిల్ ట్రాక్ మీద మోటారు బండి నడపకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు, వాటి బదులు వచ్చిన 2017 నాటి డ్రైవింగ్ నియమాల్లోనూ అది ఉంది. ఈ ముక్కలు దరఖాస్తులో పెట్టండి.

చెరువు కట్టకి ఇంకో జాగ్రత్త ఉంది. కట్ట అంటే మట్టితో కట్టిన ఆనకట్ట. దాని నడుముకి గుంత తవ్వితే అక్కడి నుంచి నీళ్లు ఊరే ప్రమాదం ఉంది. శాఖ ఇంజనీరు వచ్చి చూసి, కట్ట మీద తవ్వొద్దు, కట్ట మొదలయ్యే చోట గట్టి నేలలోనే పెట్టుకోమన్నారు. రెండు కొసలూ మూస్తే మధ్యలో పని లేదు కదా.

సందు ఎంత ఉండాలి

అసలు పనంతా ఇక్కడే ఉంది. పోస్టు గట్టిగా ఉందా లేదా అనేది తర్వాతి మాట. రెండు పోస్టుల మధ్య సందు ఎంతన్నదే ఎవరు లోపలికి వస్తారో, ఎవరు బయట ఉంటారో తేలుస్తుంది.

ఇంగ్లండ్ ప్రభుత్వం 2020లో ఇచ్చిన సైకిల్ దారుల గైడులో పోస్టుల మధ్య కనీసం 1.5 మీటర్లు వదలమని ఉంది. అక్కడి కార్లకి అది సరిపోతుంది. మన దగ్గర కొలతలు వేరు. ఆల్టో వెడల్పు 1.49 మీటర్లు. అద్దాలు మడిస్తే 1.5 మీటర్ల సందులో దూర్చి చూద్దామనే మొండివాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. బజాజ్ ఆటో వెడల్పు 1.3 మీటర్లే. అది హాయిగా వెళ్లిపోతుంది. అంటే మనకి 1.5 పనికిరాదు.

అలాగని మరీ బిగించకూడదు. టేపు పట్టుకుని మా బాట మీద తిరిగే బండ్లన్నీ కొలిచాను. మామూలు సైకిల్ హ్యాండిల్ 60 సెంటీమీటర్ల దగ్గర ఉంది. పిల్లలు ఇప్పుడు కొంటున్న లావు టైర్ల సైకిళ్లది 70 దాటింది. మా వీధిలో ఒకాయన చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి 86 వచ్చింది. కూరగాయల తోపుడు బండి 1 మీటరు 10. వీటన్నిటినీ పోనిచ్చి ఆటోని ఆపే కొలత ఒక్కటే: 1.2 మీటర్లు. చక్రాల కుర్చీకి కూడా అది చాలు. సన్నటి ఈ-రిక్షా మాత్రం ఇందులోంచి దూరుతుంది, దాని వెడల్పు మీటరుకి మించదు. దాన్ని ఆపాలని సందు ఇంకా తగ్గిస్తే మూడు చక్రాల బండి ఆయన ఇంట్లో కూర్చోవాలి. నేను తగ్గించలేదు.

ఇక లెక్క చూడండి. మా బాట వెడల్పు 3 మీటర్లు, నా పైపు బయటి కొలత 114 మిల్లీమీటర్లు. మధ్యలో ఒక్క పోస్టు పెడితే అటూ ఇటూ 1 మీటరు 44 మిగులుతుంది. ఆటో వచ్చేస్తుంది. రెండు పోస్టులు పెడితే మూడు సందులు, ఒక్కోటి 92 సెంటీమీటర్లు. తోపుడు బండి ఆగిపోతుంది. పైగా రెండు పోస్టులు పెడితే ఎదురెదురుగా వచ్చే సైకిళ్లు రెండూ మధ్య సందులోకే పోతాయి, గుద్దుకుంటాయి. అందుకే పోస్టులు ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉండాలి. ఒకటి సరిగ్గా మధ్యలో ఉంటే వచ్చేవాళ్లు ఎడమన, పోయేవాళ్లు ఎడమన తప్పుకుంటారు.

నేను చేసింది ఇదీ. మధ్యలో ఒకే పోస్టు. రెండు అంచుల్లోనూ 24 సెంటీమీటర్ల చొప్పున బాటని లోపలికి తెచ్చాను. ఆ అంచులు గట్టి రాయి కాదు, తక్కువ ఎత్తు కెర్బు కట్టి మట్టి పోసి మొక్కలు పెట్టాం. కెర్బు మీద బండి ఎక్కించకుండా వాటి వెనక, బాట నుంచి 60 సెంటీమీటర్లు వదిలి, పెద్ద గ్రానైట్ గుండ్లు దించాం. అంతకంటే దగ్గర్లో గుండు ఉంటే పెడల్ తగులుతుందేమో అని భయం ఉంటుంది కాబట్టి ఆ 60 తగ్గించొద్దు. ఇప్పుడు పోస్టుకి అటూ ఇటూ సరిగ్గా 1.2 మీటర్లు ఉంది.

మీ బాట వెడల్పు వేరైతే ఇదే లెక్క వేసుకోండి. 2023 అక్టోబర్‌లో మొదలైన మన ఔటర్ రింగ్ రోడ్డు సోలార్ సైకిల్ ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లు. అంత వెడల్పులో మూడు పోస్టులు పెడితే నాలుగు సందులు వస్తాయి, ఒక్కోటి 1 మీటరు 4 సెంటీమీటర్లు.

ఎక్కడ పాతాలి

రోడ్డు అంచునే పాతితే, రోడ్డు మీంచి మలుపు తిరుగుతూ వచ్చే సైకిల్ ఆ మలుపులోనే పోస్టుకి ఎదురవుతుంది. కారు నడిపేవాడికి వెనక్కి తీసుకోవడానికి చోటుండదు, కారు వెనక భాగం రోడ్డు మీద ఉంటుంది. రోడ్డు నుంచి కనీసం తొమ్మిది మీటర్లు లోపలికి పెట్టండి. చదునైన చోట, నేరుగా ఉన్న చోట, పైన దీపం ఉన్న చోట. కట్ట నుంచి దిగే వాలు కింద అస్సలు వద్దు. సైకిల్ అక్కడికి చేరేసరికి మంచి వేగంలో ఉంటుంది. చెట్టు నీడ పడే చోటు కూడా వద్దు. మధ్యాహ్నం ఎండలోంచి నీడలోకి వస్తే రెండు క్షణాలు ఏమీ కనపడదు.

పోస్టు చేసే తీరు

4 ఇంచుల ఎం.ఎస్. పైపు, అంటే మామూలు ఉక్కు పైపు, బి క్లాసు. నీలం పట్టీ ఉంటుంది, మందం 4.5 మిల్లీమీటర్లు. ఎ క్లాసు పసుపు పట్టీది చవగ్గా వస్తుంది, తీసుకోవద్దు. నేల పైన 1 మీటరు 5 సెంటీమీటర్లు, లోపల 60. పొట్టి పోస్టు ముచ్చటగా ఉంటుంది కానీ ముందు సైకిల్ వెనక వస్తున్నవాడికి కనపడదు. మోకాలికి తగిలే ఎత్తులో ఉన్నది గొలుసంత చెడ్డది. పైన గుండ్రటి క్యాప్ వెల్డ్ చేసి గ్రైండింగ్ చేయండి. వేలు పెట్టి చుట్టూ రాస్తే ఎక్కడా గీసుకోకూడదు. పక్కలకి కొక్కేలు, రింగులు ఏవీ పెట్టొద్దు. పెట్టారంటే ఎవరో ఒకరు దానికి తాడు కడతారు.

ఇలాంటి పైపు తెలియక వచ్చే కారుని ఆపుతుంది. కావాలని వేగంగా గుద్దే లారీని ఆపదు. 2017 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో హడ్సన్ నది పక్కన సైకిల్ దారి మీదికి ఒకడు కావాలనే ట్రక్కు తోలాడు, ఎనిమిది మంది చనిపోయారు. అలాంటిది ఆపే పోస్టుల పునాదులు, లెక్కలు వేరు. అది నా షాపులో అయ్యే పని కాదు.

మా దగ్గర చేపల వ్యాను కోసం పోస్టు పైకి తీసేలా ఉండాలి. దానికి 5 ఇంచుల పైపు ముక్క గుంతలో పాతి, 4 ఇంచుల పోస్టు అందులో దించాం. గుంత అడుగున పది సెంటీమీటర్లు కంకర పోసి, పైపు అడుగు తెరిచే ఉంచాలి. లేకపోతే వాననీళ్లు అందులోనే నిలిచి రెండేళ్లలో పోస్టు తుప్పు పడుతుంది. 5 ఇంచుల పైపు కింద రెండు రాడ్లు అడ్డంగా వెల్డ్ చేస్తే కాంక్రీటులో తిరగదు. చుట్టూ 45 సెంటీమీటర్ల చదరంలో సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల కాంక్రీటు పోసి, గోనె సంచులు కప్పి వారం రోజులు తడపండి. ఆ వారం రోజులూ ఎర్ర జెండాలు, రాత్రి దీపం ఉండాలి.

పోస్టు తీసినప్పుడు మిగిలే రంధ్రం సైకిల్ చక్రానికి పెద్ద ప్రమాదం. దానికి మడత మూత చేశాను. మూసినప్పుడు బాటతో సమంగా ఉంటుంది, చెప్పుల కాలు దాని మీద జారదు. అందుకే కింద పడుకోబెట్టే రకం పోస్టులు నేను చేయను. పడుకోబెట్టినా నాలుగు ఇంచులు పైకి లేచి ఉంటుంది, చీకట్లో అదొక ఉచ్చు.

తాళం ఖరీదైనది వద్దు. అంబులెన్సు వచ్చినప్పుడు తాళంచెవి దొరక్కపోతే కట్టర్‌తో కోసేయగలిగేదే ఉండాలి. చెవులు నాలుగు చేయించాం: చేపల సొసైటీకి, మున్సిపాలిటీకి, గుడి పూజారికి, నాకు. పూజారికి ఎందుకంటే ఆయన ఇల్లు అక్కడే, నాలుగింటికే లేస్తారు. పోస్టు తీసినవాళ్లే మళ్లీ పెట్టాలి. ఇది రాసి అందరితో సంతకం పెట్టించాం.

కనపడాలి

పేపర్ కుర్రాడికి జరిగింది మళ్లీ జరగకూడదు కాబట్టి ఇక్కడ ఖర్చుకి వెనకాడలేదు. ముదురు పసుపు ఎనామెల్ రెండు కోట్లు, దాని మీద లైటు పడితే మెరిసే టేపు రెండు పట్టీలు, పోస్టు చుట్టూతా, ఒకటి పైనుంచి పది సెంటీమీటర్ల కింద, ఇంకోటి నడుము దగ్గర. నేల మీద పోస్టుకి ముందూ వెనకా మూడేసి మీటర్ల పొడవున, పడవ ఆకారంలో తెల్ల గీతలు గీశాం. అవి చూసి సైకిల్ ముందే పక్కకి జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో పోస్టుకి ముందు నేల మీద గరుకు గీతలు కూడా వేస్తారు, చూడకపోయినా చక్రం కింద తెలుస్తుంది. అది మేమూ వేశాం, చీపురు పుల్లలతో పచ్చి సిమెంటు మీద గీసి. రోడ్డు దగ్గరే గుండ్రటి ఎర్ర అంచు బోర్డు, కారు బొమ్మ, మోటార్ సైకిల్ బొమ్మ. కింద తెలుగులో పెద్ద అక్షరాలతో 'సైకిళ్లు, నడిచేవాళ్లు మాత్రమే'.

బైకులు

అందరూ అడిగేది ఇదే. పోస్టుతో బైకు ఆగుతుందా? ఆగదు. స్ప్లెండర్ వెడల్పు 72 సెంటీమీటర్లు. పిల్లవాడి లావు టైర్ల సైకిల్ హ్యాండిల్ కూడా ఇంచుమించు అంతే. బైకుని ఆపే ఏ అడ్డమైనా సైకిల్‌నీ ఆపుతుంది. కొన్నిచోట్ల వంకర టింకర గేట్లు పెడతారు, దిగి సైకిల్ ఎత్తుకుని తిప్పుకుని పోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వెనక పాపని కూర్చోబెట్టుకున్న తల్లి, మూడు చక్రాల బండి ఆయన, వీళ్లంతా ఆ గేటుతో ఇంటికే పరిమితమవుతారు. బైకువాడు మాత్రం పక్క గోడ సందులోంచి దూరుతాడు. నన్ను ఎంతమంది అడిగినా ఆ గేటు చేసివ్వలేదు.

బైకుల విషయంలో పని చేసింది రెండు. బడి పెద్ద టీచరమ్మతో మాట్లాడితే కట్ట వైపు గేటుని పిల్లలు నడిచి, సైకిల్ మీద వచ్చేందుకే ఉంచి, దింపే తల్లిదండ్రుల్ని ముందు గేటుకి పంపారు. కట్ట మీద బైకుకి ఇక పని లేకుండా పోయింది. రెండోది, మొదటి నెల రోజులు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మేం వంతులవారీగా నిలబడ్డాం. ఎవరినీ తిట్టలేదు. "తమ్ముడూ, ఇటు పిల్లలు వస్తున్నారు, ముందు రోడ్డు నుంచి పోరాదా" అని మాత్రమే అడిగాం. ట్రాఫిక్ కానిస్టేబుల్ వారానికి రెండు రోజులు మాతో నిలబడ్డారు. ఇప్పటికీ రోజుకి నాలుగైదు బైకులు వస్తాయి. ముందు అది గంటకి యాభై.

ఒక మాట అడగండి మిమ్మల్ని మీరు: అసలు పోస్టు కావాలా? అమెరికాలో రోడ్ల అధికారుల సంఘం ఆష్టో 2012లో ఇచ్చిన సైకిల్ గైడులో, అలవాటుగా పోస్టులు పాతేయొద్దని రాశారు. ముందు బోర్డు పెట్టు, మలుపు బిగించు, బాటని మధ్యలో చిన్న మొక్కల దిమ్మెతో రెండు పాయలుగా చీల్చు, అప్పటికీ కార్లు వస్తుంటేనే పోస్టు. మా రెండో కొసన స్థలం ఉంది కాబట్టి అలాగే చేశాం. రెండు పాయలు, మధ్యలో గడ్డి, రెండు నందివర్ధనం మొక్కలు. దిమ్మె ఎత్తు తక్కువ, కావాలంటే అంబులెన్సు నెమ్మదిగా ఎక్కి దిగిపోతుంది. ఆ కొసన ఈ ఏడాదిన్నరలో ఒక్క కారు కూడా రాలేదు. స్థలం ఉంటే ముందు ఇదే చేయండి.

తర్వాత చూసుకోవాల్సింది

నెలకోసారి తడిగుడ్డతో టేపు తుడవాలి. దుమ్ము పట్టిన టేపు మెరవదు. మొక్కలు సందులోకి వంగితే కత్తిరించాలి. మూత తెరిచి అడుగున చెత్త ఉంటే తీయాలి. వానాకాలం అయ్యాక పోస్టుని నేల దగ్గర చిన్న సుత్తితో కొట్టి వినండి. పైపు ఎప్పుడూ నేలకి తాకే చోటే కుళ్లుతుంది. ఖణేల్ మంటే బాగున్నట్టు. డబ్బా మోతలా వస్తే లోపల పొర తినేసినట్టు, పైకి తీసి ఆ జానెడు ముక్క మార్చి వెల్డ్ చేయాలి. పోయిన కార్తీకంలో మాది కొట్టి చూశాను, బాగానే మోగింది. టేపు మాత్రం ఒక పక్క లేచింది, కొత్తది అంటించాను.